‘రన్’ : ఇంగ్లీషు పరుగు, తెలుగు నడక

పోయిన సంవత్సరం ఎం.ఏ. విద్యార్థుల వ్యాసాలు దిద్దుతున్నప్పుడు రెండు వాక్యాల దగ్గర మా ఎర్ర పెన్సిలు కాసేపు ఆగిపోయింది. మొదటిది: ‘ఆ చిత్రం మా ఊరిలో వంద రోజులు ఓడింది.’ రెండోది: ‘భర్త పోయిన తరువాత ఆమె ఒంటరిగానే కుటుంబాన్ని పరుగెత్తించింది.’ మొదటి వాక్యం రాసిన అబ్బాయిది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. రెండో వాక్యం రాసిన అమ్మాయి బెంగుళూరులో పుట్టి పెరిగింది. ముందు ఇంగ్లీషులో అనుకొని, తరువాత నిఘంటువు చూసి తెలుగులో రాస్తానని ఆమే దాపరికం లేకుండా చెప్పింది.

పరీక్షకుని దృష్టిలో రెండూ తప్పులే. రెండింటి వెనుకా ఉన్నది ఒకే ఇంగ్లీషు మాట: ‘రన్’. సినిమా రన్ అవుతుంది, కుటుంబాన్ని రన్ చేస్తారు. అయినా ఈ రెండు తప్పులను ఒకే గాటన కట్టడానికి మాకు మనసు ఒప్పలేదు. అబ్బాయి రాసినది పక్కింటి భాష నుంచి వచ్చిన తప్పు. దానికి ఒక చరిత్ర ఉంది, ఒక చుట్టరికం ఉంది. అమ్మాయి రాసినది నిఘంటువు చేయించిన తప్పు. ఈ వ్యాసంలో మేము విమర్శించదలచినది ఆ నిఘంటు పద్ధతిని. తెలుగు వీధిలో వినిపించని ఊళ్ళలో తెలుగు చదువుకునే విద్యార్థులకు నిఘంటువే వీధి, నిఘంటువే ఇరుగుపొరుగు. రాజమండ్రిలో చదివే పిల్లవాడు ‘కుటుంబాన్ని పరుగెత్తించింది’ అని రాస్తే పక్క బల్లమీది వాడు నవ్వుతాడు, అంతటితో తప్పు సర్దుకుంటుంది. పూనాలోనో బరంపురంలోనో ఆ నవ్వే పక్క బల్ల ఉండదు.

ముందుగా ఆ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తయింది. రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అందరికన్న ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ‘సెట్’. ఆ క్రియ ఒక్కదానికే 430 అర్థాలు చూపించారు. మూడో కూర్పు కోసం ‘రన్’ను మళ్ళీ మొదటి నుంచి రాసేటప్పుడు ఆ పని మీద కూర్చున్న పీటర్ గిలివర్‌కు 9 నెలలు పట్టింది. 2011లో లెక్క తేలేసరికి క్రియగానే దానికి 645 అర్థాలు! ఆ నిఘంటువు చరిత్ర రాసిన సైమన్ వించెస్టర్ దీనిమీద ఒక వ్యాసం రాస్తూ, యంత్రాలు, ఆ తరువాత కంప్యూటర్లు వచ్చి ఈ మాటను ఇంతగా పెంచాయన్నాడు. రైలు, మగ్గం, మోటారు, ప్రోగ్రాము అన్నీ ఒక్క క్రియ మీదనే ఆధారపడ్డాయి.

ఈ 645 అనే అంకెను మన విద్యార్థులు తరచు ఒక రకమైన దిగులుతో చెబుతుంటారు. ‘మన భాషలో అట్లాంటి మాట ఏదండీ?’ అని. ఈ దిగులుకు కారణం లేదని మా అభిప్రాయం. అర్థాల సంఖ్య మాటకు పుట్టుకతో వచ్చినది కాదు; నిఘంటుకర్త ఎంత సన్నగా తరిగితే అన్ని ముక్కలవుతాయి. మన ‘పడు’ ధాతువును తీసుకోండి. వాన పడుతుంది. ఓటు పడుతుంది. బాకీ పడతాం, ఇష్టపడతాం, కష్టపడతాం. ఈ మందు నాకు పడదు. అత్తకూ కోడలికీ పడదు. చేతికి సంకెళ్ళు పడతాయి, కాగితం మీద సంతకం పడుతుంది, మనిషికి మంచి పేరు పడుతుంది. గిలివర్‌లాంటి మనిషి ఒకడు 9 నెలలు ‘పడు’ మీద కూర్చుంటే ఏ అంకె తేలుతుందో చూడాలని మాకూ ఉంది. అట్లా కూర్చోబెట్టడానికి మనకు జీతమిచ్చే సంస్థ లేకపోవడం వేరే సంగతి. అది భాష పేదరికం కాదు.

కాబట్టి మనకు కావలసిన ప్రశ్న ‘రన్’కు ఎన్ని అర్థాలన్నది కాదు. ఆ మాట ఇంగ్లీషులో ఏ గుణాన్ని పోగొట్టుకొని ఇంత వ్యాపించింది, ఆ చోట్లలో తెలుగు ఏం చేస్తుంది అన్నది.

పోగొట్టుకున్నది వేగాన్ని. కొట్టును రన్ చేసేవాడు గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చుని ఉండవచ్చు. గోడ వెంబడి కంచె రన్ అవుతుంది, రాయిలా నిలబడి. అన్నిటికన్న విడ్డూరం రైలుది: అది ‘రెండు గంటలు ఆలస్యంగా’ రన్ అవుతుంది. తెలుగులో ఆ రైలు ఆలస్యంగా నడుస్తుంది. ప్రయాణికుడి అనుభవానికి ఇదే దగ్గర. తెలుగు పరుగు మాత్రం తొందరను ఎప్పుడూ వదలలేదు. పరుగెత్తి పాలు తాగడం కన్న నిలబడి నీళ్ళు తాగడం మేలనే సామెతలో పరుగు అంటే ఆత్రం. ఉరుకులు పరుగులు అంటాం. మనసు పరుగెత్తుతుంది, ధరలు పరుగెత్తుతాయి, కాలం పరుగులు తీస్తుంది. రూపకమైనా సరే, వేగం ఉంటేనే తెలుగువాడు పరుగు మాట ఎత్తుతాడు. ‘కుటుంబాన్ని పరుగెత్తించింది’ అన్నప్పుడు మనకు కనిపించేది బాధ్యతగా సంసారం ఈదిన ఇల్లాలు కాదు. పిల్లలను కర్ర పుచ్చుకొని తరుముతున్న మనిషి. ఆ అమ్మాయి రాయదలచుకున్నది ఎంత గౌరవమైన వాక్యమో, రాసినది అంత నవ్వులాటగా మారింది.

ఇందుకు ఒక మినహాయింపు ఉంది. క్రికెట్‌లో ‘రన్’ను మన పత్రికలు ‘పరుగు’ అన్నాయి, అది నిలిచింది. బ్యాటు పట్టినవాడు నిజంగానే వికెట్ల మధ్య పరుగెత్తుతాడు కనుక మక్కికి మక్కి అనువాదం ఇక్కడ అతికింది. తమిళులు ‘ఓట్టం’ అన్నారు, మరాఠీవారు ‘ధావా’ అన్నారు, అందరిదీ అదే దారి. బంతిని గీత అవతలకు కొట్టి అడుగు కదపనివాడికి కూడా మనం ఆరు ‘పరుగులు’ రాస్తున్నాం కదా అని ఎవరైనా అడిగితే, అవును, అక్కడ పరుగు కూడా వేగం పోగొట్టుకొని ఒక లెక్కగా మారింది. మాటలు మారేది ఇట్లాగే. కాని ఒక ఆటలో మారిందని సంసారంలోనూ మారదు.

మరి వేగం లేని చోట్ల తెలుగు ఏమంటుంది? ఇక్కడ విషయం కొంచెం పెద్దది, తొందర లేకుండా చూద్దాం.

మనిషి బాధ్యత వహించే పనులన్నీ తెలుగులో నడుస్తాయి. బడి నడుస్తుంది, పత్రిక నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, ఇల్లు నడుస్తుంది, జాతకంలో శనిదశ నడుస్తుంది. వీటిని నడిపేవారుంటే నడుపుతారు. శనిదశకు ఆ అవసరం లేదు. ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు నడుస్తుందని మేము శీర్షికలో అన్నది దీన్ని గురించే.

ఉన్నచోటనే కదిలేవి, కదలడమే తమ పనిగా గలవి చాలావరకు ‘ఆడు’తాయి. మర ఆడుతుంది, గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, నాడి ఆడుతుంది. చేతిలో డబ్బు ఆడుతుంది. కంగారులో కాలూ చెయ్యీ ఆడవు. రెక్కాడితే గాని డొక్కాడదంటాం. ఆ సామెతలోని రెండు ‘ఆడు’లకూ ఆటతో సంబంధం లేదు, రెండూ పని జరగడమే. ఇక సినిమా కూడా ఆడుతుంది, దాని దారి మాత్రం వేరు. నాటకం ఆడేవారు, దాని ప్రదర్శన ‘ఆట’. సినిమా వచ్చినప్పుడు మొదటి ఆట, రెండో ఆట అనే మాటలు తెర దగ్గరికి వలస వచ్చాయి. అందువల్ల వంద రోజులు ఆడిన సినిమా అంటున్నాం. హోసూరు అబ్బాయి తప్పిన మాట ఇదే.

ద్రవాలది మరో వరస. కాలువలో నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, చెమట కారుతుంది. కొళాయి ‘వస్తుంది’, ‘కొళాయి పారుతోంది’ అంటే ఎవరో కట్టెయ్యడం మరిచిపోయారని అర్థం చేసుకుంటాం. బట్ట రంగు దిగుతుంది. దారి పోతుంది: ‘ఈ రోడ్డు కాకినాడ నుంచి యానాం పోతుంది.’ ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకే మాట చాలు.

పై వరసలో ‘పారు’ దగ్గర కాస్త ఆగాలి. నీటిపారుదల శాఖ పేరులో మనం రోజూ వింటున్న ఈ మాటకు పాత తెలుగులో పరుగెత్తడమనే అర్థమూ ఉంది. బండి ‘ఱ’తో ‘పాఱు’ అని రాసేవారు. ఆ అర్థం ఇప్పుడు ‘పారిపోవు’లో మాత్రమే మిగిలింది, దొంగ పారిపోతాడు, నీరు పారుతుంది, జూదంలో పాచిక పారుతుంది. ఇంగ్లీషు ‘రన్’ పుట్టుక కూడా అచ్చం ఇదే. దాని పాత రూపం ‘రిన్నన్’కు పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలే. దానికి తోబుట్టువుల్లాంటి రెండు క్రియలు జర్మన్‌లో నేటికీ విడివిడిగా ఉన్నాయి, ఒకటి పరుగుకు, ఒకటి ప్రవాహానికి. అంటే ఏటిలో నీరు రన్ కావడం పరుగు నుంచి సాగదీసిన రూపకం కాదు, మొదటినుంచీ ఉన్న అర్థమే. ఇంగ్లీషు తన పాత మాటను దాచుకొని దాని మీద మేడలు కట్టింది. తెలుగు ఆ పాత మాటను పంచి, పరుగు పనిని ‘పరుగెత్తు’కు, ‘ఉరుకు’కు అప్పగించి, ‘పారు’ను నీళ్ళకు ఉంచింది. ఏది మేలన్న పోటీ ఇక్కడ పెట్టనక్కరలేదు.

మరో తేడా వ్యాకరణంలో ఉంది, విద్యార్థులు దీన్ని తప్పక గమనించాలి. ఇంగ్లీషులో యంత్రమూ రన్ అవుతుంది, మనిషీ యంత్రాన్ని రన్ చేస్తాడు, మాట ఒక్కటే. ఒకప్పుడు అక్కడా రెండు క్రియలుండేవి, తాను పరుగెత్తడానికి ‘రిన్నన్’, పరుగెత్తించడానికి ‘ఆర్నన్’. కాలక్రమంలో రెండూ కలిసిపోయాయి. తెలుగు ఆ భేదాన్ని నేటికీ వదలలేదు: నడుచు-నడుపు, ఆడు-ఆడించు, పారు-పారించు, తిరుగు-తిప్పు. ఎవరు చేస్తున్నారు, ఏది జరుగుతోంది అన్నది క్రియలోనే తెలిసిపోతుంది. ఈ పట్టు ఎంత గట్టిదంటే ఇంగ్లీషు మాటను అరువు తెచ్చుకున్నా దాన్ని ఊరికే రానివ్వం. ‘మోటారు రన్ అవుతోంది’, ‘మోటారు రన్ చేస్తున్నాడు’ అంటాం. అరువు మాటకు కూడా తెలుగు ‘అవు’నో ‘చేయు’నో తగిలించి, ఇంగ్లీషు ఎప్పుడో పోగొట్టుకున్న భేదాన్ని దానికి తిరిగి ఇచ్చాం.

ఇప్పుడు హోసూరు వాక్యానికి వద్దాం. తమిళంలో ‘ఓడు’ అంటే పరుగెత్తు. అక్కడ సినిమా ఓడుతుంది, గడియారం ఓడుతుంది, బండిని ‘ఓట్టు’తారు. కన్నడంలోనూ సినిమా ఓడుతుంది, బండిని ‘ఓడిసు’తారు. అంటే యంత్రాలూ బండ్లూ వచ్చేసరికి ఈ రెండు భాషలూ ఇంగ్లీషులాగే పరుగు మాట వాడుతున్నాయి. కాని సంస్థలు, వ్యవహారాలు వచ్చేసరికి తమిళుడు కొట్టును ‘నడత్తు’తాడు, కన్నడిగుడు ‘నడెసు’తాడు, అక్కడ మనతో కలుస్తారు. మరాఠీ, ఒడియా మరో పక్క నిలుస్తాయి. మరాఠీలో ‘చాలణే’, ఒడియాలో ‘చాలిబా’ నడక మాటలు. కొట్టయినా బండయినా వాటితోనే సాగుతుంది. యానాంలో ఫ్రెంచి చదువు చదివిన పాత తరం వారికి మరొకటి తెలుసు: 1954 వరకు ఆ ఊరిని పాలించినవారి భాషలో కూడా యంత్రం పనిచేయడానికి వాడే ‘మార్షే’ అనే క్రియకు మొదటి అర్థం నడవడమే. ఇంగ్లీషు పద్ధతే లోకం పద్ధతి అనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలుగు ‘ఓడు’ మాత్రం పరాజయం పొందడం. తమిళ కన్నడాల ‘ఓడు’, మన ‘ఓడు’ ఒకే కుదురుకు చెందినవంటారు. యుద్ధంలో వెన్ను చూపి పరుగెత్తినవాడే ఓడినవాడు కనుక అర్థం అట్లా మళ్ళి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. అబ్బాయి వాక్యం దిద్దేటప్పుడు ఈ మాట అతనికి చెప్పాం. ‘వంద రోజులు ఓడింది’ అంటే నిర్మాత గుండె ఆగిపోతుందయ్యా అన్నాం. తరగతి నవ్వింది, అతనూ నవ్వాడు. కాని అతని తప్పులో రెండు భాషల వెయ్యేళ్ళ చుట్టరికం దాగి ఉంది. దాన్ని కేవలం తెలుగు రాకపోవడంగా లెక్కగట్టి మార్కులు కోయడం పరీక్షకుని చదువులోని లోపమే. మేమూ చాలా ఏళ్ళు అట్లా కోసినవారమే.

ఇక అసలు ముద్దాయి అయిన నిఘంటు పద్ధతి. మన విద్యార్థుల చేతుల్లో ఉండే చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో ‘రన్’ ఎదుట సాధారణంగా కనిపించేది ఒక వరస: పరుగెత్తు, పారు, ప్రవహించు, నడుపు, నిర్వహించు, ఇట్లా. మధ్యలో కామాలు. ఏ మాట ఏ నామంతో కూడుతుందో చెప్పే వాక్యం ఒక్కటి ఉండదు. ఈ వరసలో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా తెలుగు తెలియనివాడికి దానివల్ల ప్రయోజనం లేదు, తెలిసినవాడికి దాని అవసరం లేదు. మొదటి మాటనే నమ్మి రాయడం విద్యార్థి తప్పెట్లా అవుతుంది? పైన చూసినట్టు తెలుగులో క్రియను ఎంచుకునేది దాని పక్కనున్న నామం. సినిమా అంటే ఆడాలి, ముక్కు అంటే కారాలి, పత్రిక అంటే నడవాలి. నిఘంటువు ఇవ్వవలసినది ఈ జంటలను.

దీనికి ఉత్తమమైన ఉదాహరణ సరుకు నిండుకోవడం. ఇంగ్లీషులో బియ్యం రన్ అవుట్ అవుతాయి. నిఘంటువు చూసినవాడు ‘అయిపోయాయి’ అని రాస్తాడు, అది తప్పు కాదు. కాని తెలుగు ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయినప్పుడు ఇల్లాలు ‘బియ్యం నిండుకున్నాయి’ అంటుంది. లేవు అనడం అశుభమని, లేమిని నిండుతనంగా చెప్పే మర్యాద అది. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందనడం వంటిది. బెంగుళూరులో పెరిగిన ఒక విద్యార్థిని ఒక కథలో ఈ వాక్యం చదివి, ఇంట్లో సమృద్ధిగా బియ్యం ఉన్నాయని సారాంశం రాసింది. పస్తులున్న కుటుంబం కథ అది! పదం తెలిసినా ఇల్లు తెలియకపోతే కథ మొత్తం తలకిందులయింది. అదే వరసలో గడువు తీరుతుంది, ఓపిక నశిస్తుంది, పెట్రోలు అయిపోతుంది. ఇంగ్లీషు ‘రన్ అవుట్’ ఒక్కటే.

ఈ పని మన నిఘంటుకర్తలెవరూ చేయలేదనడం అన్యాయం. సి.పి. బ్రౌను 1850ల తొలి సంవత్సరాల్లో మద్రాసులో అచ్చు వేయించిన నిఘంటువుల్లో కావ్యప్రయోగాలతో పాటు జనం నోట విన్న మాటలకూ చోటు దొరికింది. జె.పి.ఎల్. గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1991) నేటి వాడుకను పట్టించుకుంది, క్రియలను పదబంధాలతో చూపింది. ఒకరు కుంపిణీ ఉద్యోగి, మరొకరు ఐ.సి.ఎస్. అధికారి; ఇద్దరూ తెలుగును బయటినుంచి నేర్చుకున్నవారే. నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో నేర్చుకున్నవాడికే తెలుస్తుంది. పుట్టుకతో వచ్చిన భాషకు నిఘంటువు రాసేవాడికి ‘సినిమా ఆడుతుంది’ అని రాయవలసిన అవసరమే తోచదు, అది అందరికీ తెలిసినదే అనుకుంటాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962) రైతుల మాటలను వృత్తిని బట్టి, ప్రాంతాన్ని బట్టి పోగుచేసింది. క్రియలకు కూడా ఆ పద్ధతి వర్తించాలని మా కోరిక: మర దగ్గర ఏ క్రియలు, మగ్గం దగ్గర ఏవి, వంటింట్లో ఏవి.

అంతవరకు విద్యార్థులకు ఒక చిన్న ఉపాయం. ఇంగ్లీషు మాట దగ్గర తెలుగు వెదకడంతో ఆగవద్దు. దొరికిన తెలుగు క్రియను గ్విన్‌లోనో బ్రౌనులోనో తెలుగు వైపు నుంచి తిరిగి చూడండి. అది ఏ నామాల సరసన కూర్చుంటుందో అక్కడ తెలుస్తుంది. ఆలస్యమవుతుంది, నిజమే.

ఈ ఆలస్యం భరించలేకనే ‘రన్ చేయు’ పుట్టింది. ‘హోటలు రన్ చేస్తున్నాడు’, ‘ఫ్యామిలీ రన్ చేస్తోంది’, ‘సినిమా బాగా రన్ అవుతోంది’ అనే మాటలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ మనకన్న ఎక్కువగానే వినిపిస్తాయి. మేము అరువు మాటలకు వ్యతిరేకులం కాము. రన్నింగ్ బస్సు ఎక్కవద్దంటాం, రన్నింగ్ నోట్సు రాసుకుంటాం. వాటి పని అవి చేస్తున్నాయి. కంప్యూటరు ప్రోగ్రామును రన్ చేస్తే మాకు అభ్యంతరం లేదు. దాన్ని కొందరు ‘అమలు చేయి’ అని అనువదిస్తున్నారు గాని, చట్టానికీ ఉత్తర్వుకూ అలవాటైన ఆ మాట కన్న ‘నడుపు’ చాలునని మా ఉద్దేశం. మా అభ్యంతరమల్లా ఒక అరువు మాట ఏడెనిమిది సొంత మాటలను కూర్చున్న చోటినుంచి లేపేయడం మీద. ‘రన్ అవుతోంది’ అన్నవాడికి ఆడు, నడుచు, పారు, తిరుగు అనే మాటల మధ్య ఎంపిక చేసే అవసరం తప్పిపోతుంది. ఎంపిక తప్పిపోయిన రెండో తరానికి ఆ భేదాలు తెలియవు. ఆంధ్రలోనైతే అవ్వా తాతలుంటారు, వాళ్ళ నోట ఇంకా వినవచ్చు. మన ఊళ్ళలో ఆ అవ్వ పోతే ఆ మాట కూడా ఆ ఇంటితో పోతుంది.

ఎన్నికల మాట కూడా చెప్పి ముగిస్తాం. అమెరికాలో పదవికోసం రన్ చేస్తారు, ఇంగ్లండులో ఎన్నికకు స్టాండ్ చేస్తారు. మన అభ్యర్థి ఎన్నికల్లో నిలబడతాడు. తమిళనాట, కర్ణాటకలోనూ నిలబడతాడు. ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన అరువే కావచ్చు, అయినా పోటీలో నిలవడం, పందెంలో నిలవడం మన భాషకు కొత్త కాదు కనుక ఇట్టే కలిసిపోయింది. మంచి అరువు ఇట్లా ఉంటుంది.

వచ్చే సంచిక కోసం చదువరుల సాయం కావాలి. ఇంట్లో పెద్దవారిని అడిగి అయిదు సంగతులకు వారు సహజంగా వాడే వాక్యం రాసి మా పీఠానికి పంపండి: బావి మీది మోటారు పనిచేస్తుండడం, సినిమా చాలా రోజులు ప్రదర్శితం కావడం, ముక్కునుంచి నీరు రావడం, ఒకరు కొట్టు పెట్టి జీవించడం, ఇంట్లో బియ్యం లేకపోవడం. ఊరి పేరు, చెప్పినవారి వయసు, ఇంట్లో మాట్లాడే ఇతర భాషలు తెలపండి. చెప్పినవారి పేరు అక్కరలేదు. వారు ఎట్లా అంటే అట్లాగే రాయండి. దయచేసి దిద్ది పంపవద్దు.